పసిపిల్లలకు తొలి చెక్క వాద్యం: గిలక్కాయ, కోలలు, చిరుతలు, జైలోఫోన్‌లలో దేన్ని ఎంచుకోవాలి

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఇళ్లలో బిడ్డ పుట్టిన ఏడాదిలోపే ఏదో ఒక మోగే వస్తువు ఇంటికి చేరుతుంది. తొట్టెల వేడుకకు అమ్మగారింటి నుంచి వెండి గిలక్కాయ వస్తుంది, కురుమూర్తి జాతరకో చెరువుగట్టు జాతరకో వెళ్లిన తాత రంగు పూసిన గిలకనో పీకనో తెస్తాడు, హైదరాబాదులో ఉద్యోగం చేసే పిన్ని ఆన్‌లైన్‌లో కొని పది వాద్యాల పెట్టె పంపిస్తుంది. వీటిలో ఏది బిడ్డ చేతికి ఇవ్వదగినది, ఏది ఇంకో రెండేళ్లు బీరువా మీదనే ఉండవలసినది, కొత్తగా కొనదలచుకుంటే డబ్బు దేనిమీద పెట్టాలి అన్నవి ప్రశ్నలు. సమాధానాన్ని వాద్యం పేరును బట్టి గాని, పెట్టె మీద ముద్రించిన వయసును బట్టి గాని కాక, బిడ్డ చేతికి ఆ నెలలో వచ్చిన నేర్పును బట్టి వెతకాలన్నది నా సలహా.

తొందరలో ఉన్నవారి కోసం ముందే చెబుతాను. ఏడాదిలోపు బిడ్డకు రంగు లేనిదో లక్క పూసినదో ఒక తేలికైన చెక్క గిలక్కాయ, ఏడాది దగ్గరపడి నిలకడగా కూర్చుని ఆడే బిడ్డకు వడ్ల పనివారి దగ్గర చేయించిన ఒక జత పొట్టి కోలాట కోలలు సరిపోతాయి. పుల్లతో పలకలు కొట్టి వాయించే జైలోఫోన్‌ను రెండేళ్లు దగ్గరపడేదాకా ఆపవచ్చు. కొంటే శ్రుతి చూసి కొనాలి. భజనల్లో మోగించే చిరుతలు, గజ్జెల పిడి, పిల్లనగ్రోవి మూడేళ్ల తరువాతి మాట. మిగిలిన వ్యాసమంతా ఈ నాలుగు వాక్యాలకు కారణాలే.

చేతి నేర్పు ఎలా మారుతుంది

పుట్టిన కొత్తలో బిడ్డ అరచేతిలో ఏది పెట్టినా పట్టుకుంటుంది గాని అది అసంకల్పితమైన పట్టు; విడవడం తన చేతిలో ఉండదు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య చేతిలోని వస్తువును ఊపితే చప్పుడు వస్తుందని గ్రహించి, మళ్లీ ఆ చప్పుడు కోసమే ఊపడం మొదలవుతుంది. సంగీతానికి సంబంధించినంతవరకు బిడ్డ తానుగా చేసే తొలి పని ఇదే. ఆరేడు నెలలకు వస్తువును ఒక చేతి నుంచి మరో చేతికి మార్చుకుంటుంది, తొమ్మిదో నెల ప్రాంతంలో రెండు చేతుల్లోని రెండు వస్తువులను ఒకదానితో ఒకటి కొట్టగలుగుతుంది, దాదాపు అదే కాలంలో వేలి కొనలతో చిన్న వస్తువులను ఏరుకోవడం కూడా నేర్చుకుంటుంది. ఈ చివరి నేర్పు వాద్యం ఎంపికలో ప్రమాద సూచిక, ఎందుకంటే ఊడిన గింజ, రాలిన మేకు, విడిపోయిన పూస అన్నీ ఆ వేళ్ల మీదుగా నోటికి చేరతాయి. ఒక పుల్ల పట్టుకుని దూరంగా ఉన్న ఒక నిర్ణీత పలకను గురిచూసి కొట్టడం మాత్రం ఇంకా చాలా తరువాత, రెండో ఏడు గడుస్తుండగా కుదురుకుంటుంది. గిలక్కాయ ముందు, కోలలు తరువాత, జైలోఫోన్ ఆ తరువాత అన్న వరుస ఇక్కడి నుంచే వచ్చింది. ఒక బిడ్డ నెల ముందూ మరో బిడ్డ రెండు నెలలు వెనకా ఉండడం సహజం గనుక నెలలను పట్టుకుని కంగారు పడనక్కరలేదు.

పెట్టెల మీద కనిపించే మెదడు ఎదుగుదల, తెలివితేటల వాగ్దానాలను నమ్మి ఎక్కువ ధర పెట్టవద్దు. మొజార్ట్ సంగీతం వింటే తెలివి పెరుగుతుందంటూ 'మొజార్ట్ ప్రభావం' అన్న పేరుతో ప్రచారమైన 1993 నాటి ప్రయోగం కళాశాల విద్యార్థులపై జరిగింది. అందులో కనిపించిన మార్పు పది పదిహేను నిమిషాలకే పరిమితం. అందులో పసిపిల్లలు లేనే లేరు. పసిపిల్లల గురించి నిజంగా ఆసక్తికరమైన విషయం వేరొకటి ఉంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో ఏడు నెలల పిల్లలకు ఏ దెబ్బకూ ప్రత్యేకమైన ఊనిక లేని ఒకే తాళం వినిపిస్తూ, కొందరిని ప్రతి రెండో దెబ్బకు, కొందరిని ప్రతి మూడో దెబ్బకు ఎత్తి ఊపారు. తరువాత ఆ పిల్లలు తమను ఊపిన లెక్కకు సరిపోయే లయనే ఎక్కువసేపు విన్నారు. లయ చెవికి మాత్రమే కాక ఒంటికి కూడా పడుతుందని దీని అర్థం. బతుకమ్మ దగ్గర 'ఉయ్యాలో' అంటూ చంకన బిడ్డతో చప్పట్లకు అడుగులు వేసే తల్లి ఆ పనే చేస్తున్నది. కాబట్టి వాద్యం కొనేటప్పుడు బిడ్డ ఒక్కతే ఏమి చేస్తుందని కాక, బిడ్డను ఒడిలో పెట్టుకుని పెద్దవారు పాడుతూ దానితో ఏమి చేయగలరని కూడా చూడాలి. ఈ రెండో ప్రశ్నకు మీటలు నొక్కితే పాటలు వచ్చే బ్యాటరీ బొమ్మ దగ్గర సమాధానం ఉండదు, ఎందుకంటే అది మనం పాడే పాటకు తోడుగా రాదు, తన పాటను మన మీద మోపుతుంది. ఫోన్‌లోని జైలోఫోన్ ఆటలను అసలు పరిగణనలోకి తీసుకోనక్కరలేదు. రెండేళ్లలోపు పిల్లలకు కూర్చుని తెర చూసే సమయం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

గిలక్కాయలు: చెక్కవి, వెండివి, ఇంట్లో చేసినవి

వెండి గిలక్కాయ మోత బాగుంటుంది, బంధుత్వపు విలువ ఉంటుంది. కాని దాని చివరన అతికిన చిన్న మువ్వలు సన్నని కొక్కేలతో వేలాడుతుంటాయి, బిడ్డ కొరికి లాగితే అవి సాగుతాయి. వేడుకలో చేతికిచ్చి ఫొటో తీసుకుని, తరువాత పెద్దవారే మోగించడం మంచిది. ప్లాస్టిక్ గిలక్కాయకు తేలిక అన్న గుణం ఉంది, కడగడం సులువు. పగిలితే అంచు పదునుగా ఉంటుంది, మోత కూడా గరగరలాడుతుంది. చెక్క గిలక్కాయ మోత మెత్తనిది, తక్కువ దూరం వినిపించేది. చేయి పొట్టిగా ఉండే బిడ్డకు వాద్యం ఎప్పుడూ చెవికి జానెడు దూరంలోనే ఉంటుందన్నది ఇక్కడ మరచిపోకూడదు. ఆరుబయట ధ్వని, దూరం రెట్టింపయినప్పుడల్లా సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది గనుక, అదే గిలక్కాయ పక్కన కూర్చున్న మనకు ముద్దుగా వినిపించినా బిడ్డ చెవికి గట్టిగా తగలవచ్చు. కొనేముందు దాన్ని మీ చెవి దగ్గరే పెట్టుకుని గట్టిగా ఊపండి. మీరు తల పక్కకు తిప్పుకుంటే అది బిడ్డకు కూడా వద్దు.

చెక్క వాటిలో రెండు రకాలు ప్రధానంగా దొరుకుతాయి. లేతు యంత్రం మీద తిప్పి, తిరుగుతుండగానే లక్క అద్ది రంగు పట్టించినవి ఒక రకం. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలోను, కర్ణాటకలోని చన్నపట్నంలోను తయారయ్యేవి ఈ కోవకే చెందుతాయి. రెండు చోట్లా వాడేది ఒకే జాతి చెట్టు, మనం అంకుడు అని పిలిచేది. దాని కలప తెల్లగా, మెత్తగా, పీచు లేవకుండా ఉంటుంది గనుక నోట్లో పెట్టుకునే వస్తువులకు బాగా నప్పుతుంది. పాలమూరు నుంచి బెంగళూరు పోయివచ్చే బంధువులు ఎవరైనా ఉంటే చన్నపట్నం వస్తువులు మైసూరు దారిలోనే దొరుకుతాయి. ఏటికొప్పాకవి హైదరాబాదులోని హస్తకళల దుకాణాల్లో కనిపిస్తాయి. రెండో రకం రంగులేని ఉంగరాల గిలక్కాయలు. ఒక పిడికి రెండు మూడు చెక్క ఉంగరాలు వదులుగా తొడిగి ఉంటాయి, లోపల గింజ అన్నది ఉండదు, ఉంగరాలు ఒకదానికొకటి తగిలి టకటక మంటాయి. రెండిటిలో ఒకటి ఎంచుకోవలసి వస్తే ఆరు నెలలలోపు బిడ్డకు నేను రెండోదాన్నే ఎంచుకుంటాను. పగిలినా లోపలి నుంచి రాలేది ఏమీ ఉండదన్నది మొదటి కారణం, ఎక్కడ చప్పుడు పుడుతున్నదో బిడ్డ కంటికి కూడా కనిపిస్తుందన్నది రెండోది. ఏ రకమైనా చేతి నుంచి జారి ముఖం మీద పడినప్పుడు నొప్పి పెట్టనంత తేలికగా ఉండాలి, పిడి చివర గొంతులోకి దిగనంత వెడల్పుగా ఉండాలి.

ఇంట్లో చేసుకునే గిలక్కాయల గురించి ఒక హెచ్చరిక మన ప్రాంతానికి ప్రత్యేకంగా అవసరం. ఎండిన సొరకాయ బుర్రలోనో చెక్క డబ్బాలోనో గింజలు పోసి మూత బిగించడం తేలికే, కాని చేతికందే గింజలు ఏవన్నది చూసుకోవాలి. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు ఆముదం సాగుకు పేరుపడినవి. ఆ గింజలో రైసిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. ఎరుపు నలుపు కలిసి అందంగా కనిపించే గురువింద గింజ నమిలితే అంతకంటె ప్రమాదం. ఉమ్మెత్త గింజలు కూడా విషమే. బుర్ర పగిలిన నాడు ఈ గింజలు నేల మీదికి వస్తాయి. జొన్నలు గాని బియ్యం గాని పోస్తే విషభయం లేదు గాని అవి గొంతులో పడే భయం ఉంటుంది, పురుగు పడుతుంది కూడా. కాబట్టి ఇంట్లో చేసినదాన్ని పెద్దవారి చేతిలోనే ఉంచి బిడ్డకు వినిపించడం మేలు.

గిలక్కాయతో చెవుల పరీక్ష అయిపోయిందనుకోవడం కూడా చాలా ఇళ్లలో చూస్తాం. మోగిస్తే తల తిప్పింది కదా అని ఊరుకోకూడదు, ఎందుకంటే బిడ్డ చేతి కదలికను చూసి కూడా తిరుగుతుంది. కొన్ని స్థాయిల ధ్వని మాత్రమే వినిపించే బిడ్డ కూడా గిలక్కాయకు స్పందించవచ్చు. వినికిడి పరీక్ష మొదటి నెలలోపు, అనుమానం ఉంటే నిర్ధారణ మూడు నెలలలోపు, లోపం తేలితే చికిత్స ఆరు నెలలలోపు మొదలు కావాలన్నది వైద్యులు పాటించే లెక్క. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరిధిలో పుట్టుకతో వచ్చే వినికిడి లోపం కూడా ఉన్నది గనుక ఆశా కార్యకర్తను గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని గాని అడిగితే దారి చూపిస్తారు.

కోలలా, చిరుతలా

తెలంగాణ పల్లెల్లో చెక్క వాద్యం అనగానే గుర్తుకొచ్చేవి ఈ రెండే. కోలాటంలో కోలలు, భజనల్లోను చిరుతల రామాయణంలోను చిరుతలు పెద్దల చేతుల్లో చూసిన పిల్లలు వాటి కోసం చేయి చాపుతారు. రెండూ కట్టె మీద కట్టె కొట్టేవే అయినా పసిబిడ్డ విషయంలో వాటి మధ్య తేడా చాలా ఉంది. చిరుతలు ఒకే చేతిలో పట్టుకుని వేళ్ల కదలికతో మోగించేవి. ఆ వేళ్ల పని నాలుగైదేళ్లకు గాని రాదు. పైగా వాటి గాడుల్లో సన్నని మేకులకు గుచ్చిన ఇత్తడి బిళ్లలు ఉంటాయి, రెండు ముక్కల మధ్య వేలు నలుగుతుంది, బిళ్ల అంచు పెదవికి గీసుకుంటుంది. దేవాలయాల దగ్గరి దుకాణాల్లో అమ్మే చిరుతలు పెద్దల కోసం చేసినవి. వాటిని బొమ్మలుగా ఎవరూ పరీక్షించి ఉండరు. చిరుతలు తాత చేతిలో ఉండాలి, బిడ్డ వినాలి.

కోలలు అలా కాదు. తొమ్మిది పది నెలల బిడ్డ రెండు వస్తువులను ఒకదానితో ఒకటి కొట్టడం నేర్చుకున్న రోజునే వాటికి తగినదవుతుంది, అదే జత ఐదేళ్ల వయసులో కూడా పనికివస్తుంది. శ్రుతి అడగవు, విరిగే భాగం లేదు, నేల మీద, పీట మీద, ఒకదాని మీద ఒకటి ఎక్కడ కొట్టినా ఏదో ఒక కొత్త ధ్వని ఇస్తాయి. పిడికిట్లో గట్టిగా బిగిస్తే ధ్వని చచ్చిపోతుందని, కొంచెం సడలిస్తే మోగుతుందని రెండో ఏట బిడ్డ తానే కనిపెట్టుకుంటుంది. ఒక వాద్యం నుంచి మంచి నాదం రాబట్టడమంటే ఏమిటో తెలియజేయడానికి ఇంతకంటె తేలిక పాఠం నాకు కనిపించదు. ధర మాట చెప్పనే అక్కరలేదు, వడ్ల పనివారి దగ్గర తలుపు చట్రాలకు కోయగా మిగిలిన ముక్కతోనే అయిపోతాయి.

అయితే పెద్దల కోలాట కోలలను కోసి ఇవ్వడం కంటె కొత్తగా చేయించడమే మంచిది. పొడవు 15 నుంచి 18 సెంటీమీటర్లు, మందం 2 నుంచి 2.5 సెంటీమీటర్లు ఉంటే చాలు. చివరలు గుండ్రంగా తిప్పించి, శాండ్ పేపర్‌తో ముందు గరుకుది, తరువాత సన్ననిది రుద్దించి, మీ పెదవి మీద రాసి చూసుకుంటే పీచు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. బాగా ఎండిన వేప కట్టె మన దగ్గర సులువుగా దొరుకుతుంది, పళ్లపుల్లగా నమిలే అలవాటున్నదే గనుక నోటి భయం లేదు. నల్లతుమ్మ దట్టమైనది, దాని మోత వేప కంటె గట్టిగా, పైస్థాయిలో ఉంటుంది; బరువు కూడా ఎక్కువే గనుక రెండేళ్లు దాటిన చేతికి మంచిది. గన్నేరు కట్టెను మాత్రం ఏ వయసు వారికీ ఇవ్వకూడదు, ఆ చెట్టులో ప్రతి భాగమూ గుండెకు విషమే. పాత తలుపుల, కిటికీల చెక్క కూడా వద్దు. దానిమీది పాత రంగులో సీసం ఉండవచ్చు, చెదల మందు పట్టించిన చెక్క అయివుండవచ్చు. పనివారితో ఇది పసిబిడ్డ నోట్లో పెట్టుకునే వస్తువు అని ముందే ఒక మాట చెబితే వారు వార్నిష్ వేయకుండా వదిలేస్తారు. లేకపోతే నునుపు కోసం తప్పకుండా వేస్తారు.

కోలలకు ఉన్న ఒకే ఒక లోపం నడక. నడక వచ్చిన బిడ్డ కోల నోట్లో పెట్టుకుని పరుగెత్తి పడితే అంగిలికి దెబ్బ తగులుతుంది, పక్కనున్న పిల్లల కంటికీ ప్రమాదమే. కూర్చున్నప్పుడే చేతికి, లేచినప్పుడు తిరిగి బుట్టలోకి అన్న నియమం మొదటి రోజు నుంచే పెడితే ఈ లోపం చాలావరకు పోతుంది. ఇంట్లో మూడు నాలుగేళ్ల అన్నో అక్కో ఉండి, కూర్చోబెట్టడం సాధ్యం కాదనుకుంటే కోలలకు బదులు అరచేతులతో కొట్టే చెక్క పీటను బోర్లించి ఇవ్వండి. అది డోలు కాదు గాని ఆ వయసుకు డోలు చేసే పనంతా చేస్తుంది.

జైలోఫోన్ కొనేముందు

ఇంద్రధనుస్సు రంగుల పలకలతో చూడముచ్చటగా ఉండే జైలోఫోన్ మీదనే తల్లిదండ్రుల మనసు ముందుగా పడుతుంది, ఎక్కువ మోసపోయేదీ దాని దగ్గరే. ఆ పేరుతో అమ్మేవాటిలో చాలావాటికి చట్రం మాత్రమే చెక్క, మోగే పలకలు ఇనుము లేదా అల్యూమినియం. అవి వాద్యాలు కావని కాదు. వాటి నాదం సన్నగా, పైస్థాయిలో, చాలాసేపు మోగుతుంది, కొందరు పిల్లలకు అదే ఇష్టం. కాని చెక్క ధ్వని కోసం కొంటున్నవారు పలక దేనితో చేసిందో చూసి కొనాలి. లోహపు పలకల అంచులు పదునుగా ఉండకూడదన్నది అదనపు జాగ్రత్త.

చెక్క పలక మోగాలంటే దాన్ని ఎక్కడ బిగించారన్నది ముఖ్యం. కొట్టినప్పుడు పలక నడుమ, రెండు చివరలు కంపిస్తాయి, రెండు చివరల నుంచి పొడవులో దాదాపు 22 శాతం దూరాన మాత్రం కదలిక ఉండదు. 20 సెంటీమీటర్ల పలకకు ఆ చోటు చివర నుంచి నాలుగున్నర సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. మంచి వాద్యంలో మేకులు, కింది మెత్తని పట్టీలు సరిగ్గా అక్కడే ఉంటాయి, మేకు రంధ్రం కూడా కొంచెం వదులుగా ఉంటుంది. చివరకంటా జరిపి గట్టిగా దిగగొట్టిన పలకను ఎంత కొట్టినా 'టక్' అన్న మొద్దు శబ్దమే వస్తుంది. పొడవులను చూసి కూడా కొంత తెలుసుకోవచ్చు. ఒకే మందం, అడుగున చెక్కుడు లేని పలకల్లో పైషడ్జం (పై 'స') పలక కిందిషడ్జం (కింది 'స') పలకలో దాదాపు 70 శాతం పొడవు ఉండాలి, అంటే పొడవైనది 20 సెంటీమీటర్లు అయితే పొట్టిది 14 దగ్గర రావాలి. అన్నీ అందం కోసం మెట్లుగా కోసి, ఆ లెక్కకు దూరంగా ఉన్నాయంటే అది స్వరాలు చూసి చేసింది కాదు. అనుమానం ఉంటే ఫోన్‌లో శ్రుతి చూపించే యాప్ పెట్టి ఒక్కో పలకను మోగించి చూడండి, లేదా భజన మండలిలో హార్మోనియం వాయించేవారిని ఒక్క నిమిషం వినమనండి, వారు వెంటనే చెప్పేస్తారు.

శ్రుతి తప్పిన జైలోఫోన్ కంటె శ్రుతి అడగని కోలలు మేలన్నది నా దృఢమైన అభిప్రాయం. స్వరం పేరుతో స్వరం కానిదాన్ని రోజూ వినిపించవలసిన అవసరం ఏముంది? శ్రుతి కుదిరినది దొరికితే మాత్రం ఎనిమిది పలకల దాని కంటె ఐదారు పలకలది పసివారికి బాగుంటుంది. స, రి, గ, ప, ద అనే ఐదు స్వరాలు, అంటే మోహన రాగపు స్వరాలు మాత్రమే ఉంటే బిడ్డ ఏ రెంటిని కలిపి కొట్టినా చెవికి గుచ్చుకోదు, ఎందుకంటే అరస్వరం ఎడం, అంటే స్వరాల మధ్య ఉండే అతి చిన్న ఎడం ఉన్న జంట అందులో లేదు. జర్మన్ స్వరకర్త కార్ల్ ఓర్ఫ్ పేరుతో నడిచే బాలసంగీత బోధనలో పలకలు ఊడదీసి పెట్టుకునే జైలోఫోన్లు వాడేది ఇందుకే. మీరు కొన్నదానికి పలకలు ఊడకపోతే మధ్యమం (మ), నిషాదం (ని) పలకలకు మెత్తని గుడ్డ చుట్టి మొదటి కొన్ని నెలలు మూగగా ఉంచవచ్చు. కొట్టే పుల్ల తలను మెలితిప్పి, లాగి చూడండి. ఊడివచ్చేదైతే ఆ వాద్యం మూడేళ్ల దాకా వద్దు. పుల్ల పొట్టిగా, పిడి లావుగా ఉంటే చేయి కుదురుతుంది.

తక్కినవి

డప్పు మోతకు ఊగని బిడ్డ మన ఊళ్లలో ఉండడు. చిర్ర, సిటికెన పుల్ల పట్టుకోవాలని ఉబలాటపడని పిల్లవాడూ ఉండడు. కాని సెగ చూపి బిగించిన డప్పు ఇంటి గదిలో పసిచెవికి చాలా గట్టిది. ఊరేగింపులోనైనా బిడ్డను డప్పుల వరుసకు కొన్ని గజాల దూరంలో ఎత్తుకుని నిలబడాలి. చిన్న డోలక్ కొనదలిస్తే బిగింపు తాళ్లలోని ఉంగరాలు ఊడనివో కాదో చూసుకుని రెండేళ్ల తరువాత ఇవ్వండి. పిల్లనగ్రోవికి ఊపిరి, పెదవి రెండూ కుదరాలి. అది బడి వయసు వాద్యం. తీగ వాద్యాలు కూడా అంతే, తీగ తెగితే కంటికి ప్రమాదం. అయితే వినిపించడానికి వయసు లేదు. దక్షిణ తెలంగాణకే పేరు తెచ్చిన పన్నెండు మెట్ల కిన్నెరను, దానికి 2022లో పద్మశ్రీ అందుకున్న నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగిలయ్య ద్వారా, దేశమంతా విన్నది. వెదురు, సొరకాయ బుర్రలు అంత నాదం ఇస్తాయని మన పిల్లలు ఎదురుగా కూర్చుని వినే అవకాశం దొరికితే వదులుకోవద్దు.

ఎక్కడ కొనాలి, ఎలా చూసుకోవాలి

పద్నాలుగేళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. పరీక్షించే ప్రమాణం ఐఎస్ 9873. ఆన్‌లైన్‌లో కొనే పెట్టెలపై ఈ గుర్తు లేకపోతే తిప్పిపంపడమే సరి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన చేతిపనివారి బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు మినహాయింపు ఉన్నది గనుక ఏటికొప్పాక, చన్నపట్నం వస్తువులపై ఆ గుర్తు కనిపించకపోవడం తప్పు కాదు. జాతర దుకాణంలోని గిలకలు, పీకలు ఈ రెండిటిలో దేనికీ చెందకపోవచ్చు. తడిపిన తెల్ల గుడ్డతో ఒకసారి గట్టిగా రుద్దితే రంగు అంటుకున్నదంటే అది జాతర జ్ఞాపకంగా గోడకు వేలాడదీయదగినదే. భాగాల పరిమాణం చూడడానికి కూడా ఒక కొలత ఉంది: ప్రమాణాల ప్రకారం 31.7 మిల్లీమీటర్ల వ్యాసం గల పొట్టి గొట్టంలో పూర్తిగా పట్టే ఏ ముక్కా మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో ఉండకూడదు. బొటనవేలు, చూపుడువేలు కలిపి చుట్టిన సున్నాలోంచి సులువుగా జారిపోయేది ఏదైనా అనుమానించదగినదే.

పది వాద్యాల పెట్టెల్లో చాలావరకు అసలు చెక్క కాక, పొట్టును జిగురుతో అదిమిన పలక వాడతారు. అంచును దగ్గరగా చూస్తే చెక్క గీతలు కనబడక ముద్దగా ఉంటుంది. చొంగ తగిలితే ఉబ్బి రేగుతుంది. అదే డబ్బుతో ఒక మంచి గిలక్కాయ, ఒక జత కోలలు వస్తాయి, ఇంకా మిగులుతుంది.

మన ఎండలకు చెక్క త్వరగా ఆరి బీటలు వారుతుంది. మే నెలలో రేకుల గదిలోనో కారులోనో వాద్యాలను వదలవద్దు. లక్క పూసినవైతే వేడికి మెత్తబడి జిగటగా కూడా అవుతాయి. చేతులు శుభ్రం చేసుకునే శానిటైజర్‌తో లక్క వస్తువులను తుడవకూడదు, అందులోని ఆల్కహాల్ లక్కను కరిగిస్తుంది. కొంచెం సబ్బు నీటితో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెడితే చాలు, నీళ్లలో నానబెట్టవద్దు. రంగులేని చెక్కకు నెలకొకసారి కొబ్బరినూనె పలచగా రాసి, పొడిగుడ్డతో అదనపు నూనె తీసేయాలి. వేపనూనె పసిపిల్లల కడుపులోకి పోతే ప్రాణాపాయం కలిగించగలదు గనుక చెక్కకు మంచిదని ఎవరు చెప్పినా రాయవద్దు. హార్డ్‌వేర్ దుకాణంలో అమ్మే ఉడికించిన అవిసె నూనెలో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు, అదీ వద్దు.

పుట్టినరోజుకు ఆ పది వాద్యాల పెట్టె ఇప్పటికే ఇంటికి వచ్చివుంటే పంపినవారి మనసు నొప్పించనక్కరలేదు. పెట్టె తెరిచి గజ్జెల పిడి, పూసలు నింపిన గొట్టం, ఈల, బిళ్లలున్న కంజీర, తల ఊడే పుల్లలు తీసి పైన పెట్టేయండి. మిగిలిన వాటిలో అంచులు నునుపుగా ఉన్నవాటిని ఒకటో రెండో కింద ఉంచి, పది పదిహేను రోజులకొకసారి మారుస్తూ ఉండండి. మూడో పుట్టినరోజు దాటాక పైన ఉన్నవాటిని మళ్లీ ఒక్కొక్కటిగా లాగి, తిప్పి చూసి, గట్టిగా నిలిచినవాటిని మాత్రమే కిందికి దించండి.